సబ్‌టైటిల్ ఫార్మాట్లు: విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఏది ముందు కలపాలి, ఎంత లోతుగా చదవాలి?

మీడియా ఫైళ్లను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే వీడియో, ఆడియో వివరాలు పేజీల కొద్దీ వస్తాయి. సబ్‌టైటిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల ఫార్మాట్ పేరు, భాష, అక్కడితో సరి. ఈ లోటు తీర్చాలని కూర్చున్న డెవలపర్‌కి ముందుగా ఎదురయ్యేది ఫార్మాట్ల చాంతాడు జాబితా. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఎడిటర్ ఒక్కటే 300కు పైగా ఫార్మాట్లను చదువుతుంది. అది చూసి, మనమూ వరసపెట్టి కలుపుకుంటూ పోదామనిపిస్తుంది.

నా సలహా అది కాదు. విశ్లేషణ రిపోర్టులో వచ్చే ప్రతి అంకెనూ నమ్మి ఎవరో ఒకరు ఒక ఫైల్‌ని ఒప్పుకుంటారు, లేదా తిప్పి పంపుతారు. అక్కడ తప్పు అంకె చెప్పడం కన్నా ఆ గడి ఖాళీగా వదిలేయడమే మేలు. కాబట్టి ఎన్ని ఫార్మాట్లు కలిపామన్న లెక్క పక్కనపెట్టి, ఏ ఫార్మాట్‌లో ఏ ప్రశ్నకు నికార్సయిన జవాబు ఇవ్వగలమో చూసుకుని ఎంచుకోవాలి. పైపైన చదివితే అబద్ధం చెప్పించే ఫార్మాట్లు కొన్ని ఉన్నాయి. వాటిని పూర్తిగా చదవాలి, లేదంటే పేరు మాత్రం చెప్పి ఊరుకోవాలి.

ప్లేయర్ కోసం రాసిన కోడ్‌నే ఇక్కడ వాడేద్దామనే ఆలోచన కూడా ఈ కారణంగానే దెబ్బకొడుతుంది. ప్లేయర్ పని ఎలాగోలా తెర మీద అక్షరాలు చూపించడం. ఫైల్‌లో లోపముంటే సర్దుకుని ముందుకు పోతుంది. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ పని ఆ లోపాన్ని బయటపెట్టడం. ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో లైబ్రరీల దగ్గర మళ్లీ చెబుతాను.

లోతు ఎంత?

మూడు మెట్లున్నాయి. మొదటిది గుర్తింపు: ఇది ఫలానా ఫార్మాట్ అని చెప్పడం. రెండోది హెడర్ చదవడం: భాష, ఫ్రేమ్ రేటు, వెర్షన్, ఫైల్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు. మూడోది ప్రతి సబ్‌టైటిల్‌నూ చదివి, మన సొంత లెక్క తేల్చడం.

విడిగా ఉండే టెక్స్ట్ సబ్‌టైటిల్ ఫైళ్లకు రెండో మెట్టు దగ్గర ఆగడంలో అర్థం లేదు. పూర్తి నిడివి సినిమా సబ్‌టైటిల్ ఫైల్ మామూలుగా వంద కిలోబైట్లు, అటూఇటూ. మొత్తం చదివినా కనురెప్పపాటు పని. వీడియో ఫైళ్లకు అలవాటైన పద్ధతిలో మొదలు కాస్త, చివర కాస్త చదివి మధ్యలో వదిలేస్తే తప్పు లెక్క వస్తుంది. సబ్‌టైటిళ్లు కాలక్రమంలోనే ఉంటాయన్న హామీ ఏదీ లేదు. ఫైల్‌లో చివర ఉన్న సబ్‌టైటిలే అన్నింటికన్నా ఆలస్యంగా ముగుస్తుందన్న హామీ అంతకన్నా లేదు. ముగింపు సమయం కావాలంటే అన్నింటి ముగింపుల్లో పెద్దదాన్ని తీసుకోవాల్సిందే.

కంటైనర్ (వీడియో, ఆడియో, సబ్‌టైటిళ్లు అన్నీ కలిపి ఉంచే ఒకే ఫైల్) లోపల ఉన్న ట్రాక్‌ల సంగతి వేరు. పదుల గిగాబైట్ల ఫైల్ అంతా చెల్లాచెదురుగా పడి ఉన్న సబ్‌టైటిళ్ల కోసం ఆసాంతం చదవడం అందరికీ అక్కర్లేదు. అక్కడ రెండో మెట్టే డిఫాల్టుగా ఉండాలి. మూడోది కోరుకున్నవాళ్లకు విడి ఆప్షన్‌గా ఇవ్వాలి.

గుర్తింపు అనే మొదటి మెట్టును చులకన చేయకండి. ఎక్స్‌టెన్షన్‌ని నమ్ముకుంటే అక్కడే బోల్తా పడతాం. ‘సబ్’ అనే ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. అది ఫ్రేమ్ నంబర్లతో నడిచే మైక్రోడీవీడీ టెక్స్ట్ కావచ్చు, సబ్‌వ్యూయర్ టెక్స్ట్ కావచ్చు, బొమ్మలతో నిండిన వాబ్‌సబ్ కూడా కావచ్చు. ‘ఎస్‌టీఎల్’ అని ఉంటే యూరప్ ప్రసార సంస్థల బైనరీ ఫార్మాటో, డీవీడీ తయారీకి వాడిన స్ప్రూస్ టెక్స్ట్ ఫార్మాటో, అసలు సబ్‌టైటిలే కాని త్రీడీ ప్రింటింగ్ మోడలో చెప్పలేం. లోపలి బైట్లు చూసి తేల్చాలి, ఎక్స్‌టెన్షన్‌ని సాక్ష్యాల్లో ఒకటిగా మాత్రమే వాడుకోవాలి.

ఎస్‌ఆర్‌టీ: తేలిక అనిపిస్తుంది, కాదు

అందరూ ముందు కలిపేది దీన్నే. అదే సరైన ఎంపిక కూడా, ఎందుకంటే ఎక్కువగా చేతులు మారేది ఇదే. అయితే దీనికి అధికారిక ప్రమాణ పత్రం లేదు. సబ్‌రిప్ అనే ప్రోగ్రామ్ రాసిన తీరే క్రమంగా ఫార్మాట్ అయిపోయింది. ఒక వరస సంఖ్య, కింద సమయాల లైను, ఆ కింద టెక్స్ట్, తర్వాత ఖాళీ లైను. సమయాల లైను ఇలా ఉంటుంది:

00:01:05,200 --> 00:01:07,900

సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా ఉండాలి. వెబ్‌వీటీటీ నుంచి చేత్తో మార్చిన ఫైళ్లలో అక్కడ చుక్క ఉంటుంది. కొన్ని ప్లేయర్లు దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఆ సబ్‌టైటిల్‌ని వదిలేస్తాయి. మీ పార్సర్ (ఫైల్‌ని చదివి ముక్కలుగా విడదీసే కోడ్) రెండింటినీ చదవగలగాలి, చదివిన తర్వాత "ఇన్ని చోట్ల చుక్క ఉంది" అని చెప్పాలి కూడా. వరస సంఖ్యలు తప్పినా, ముగింపు సమయం మొదలు కన్నా ముందున్నా, ఒకదాని మీదికి ఒకటి వచ్చినా ఇదే పద్ధతి. టెక్స్ట్ మధ్యలో ఖాళీ లైను ఉన్న ఫైళ్లు ఇంకో చిక్కు. ఖాళీ లైను కనబడగానే సబ్‌టైటిల్ ముగిసిందనుకోకుండా, దాని తర్వాత సంఖ్య, ఆ తర్వాత సమయాల లైను వస్తున్నాయో లేదో చూశాకే ముగించండి.

అసలు బాధ ఎన్‌కోడింగ్‌తో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతితో. తన ఎన్‌కోడింగ్ ఏదో చెప్పుకునే చోటు ఎస్‌ఆర్‌టీలో లేదు. మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ (యూనికోడ్ అని తెలిపే గుర్తు బైట్లు) ఉంటే సరే. లేకపోతే ఫైల్ మొత్తాన్ని యూటీఎఫ్-8గా సరిచూడండి. ఆస్కీ కాని బైట్లుండి, ఒక్క తప్పు కూడా లేకుండా సరిపోయిందంటే అది యూటీఎఫ్-8 అని ధైర్యంగా చెప్పొచ్చు, వేరే ఎన్‌కోడింగ్ పొరపాటున అలా కుదరడం చాలా అరుదు. కుదరకపోతే ఐసీయూ గానీ యూచార్‌డెట్ గానీ, ఇలాంటి లైబ్రరీలు ఊహించి పెడతాయి. ఆ ఊహను ఊహ అనే రాయండి. రిపోర్టులో "ఎన్‌కోడింగ్: విండోస్-1252" అని తీర్పులా కనబడితే, చదివేవాళ్లు దాన్ని ఫైల్ చెప్పిన మాట అనుకుంటారు.

భాష చెప్పుకునే చోటూ లేదు. ఫైల్ పేరులో చుక్కల మధ్య రెండక్షరాల కోడ్ పెట్టడం వాడుకలో ఉంది. దాన్ని చూపించొచ్చు, కానీ "ఫైల్ పేరును బట్టి" అన్న గుర్తు తప్పనిసరి.

వెబ్‌వీటీటీ, ఏఎస్‌ఎస్

వెబ్‌వీటీటీ, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ చేతిలో ఉన్న ఫార్మాట్. విశ్లేషించేవాళ్ల పట్ల చాలా మర్యాదగా ఉంటుంది. మొదటి లైనులోనే ఫార్మాట్ పేరు పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 తప్ప మరొకటి కాకూడదు. గంటలు సున్నా అయితే రాయనక్కర్లేదు కాబట్టి పై ఉదాహరణే ఇక్కడ 01:05.200 --> 01:07.900 అవుతుంది. విడి ఫైల్‌ని చదవడం సగం రోజు పని. చిక్కంతా హెచ్‌ఎల్‌ఎస్ స్ట్రీమింగ్‌లో (వీడియోని చిన్న చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) ముక్కలుగా వచ్చినప్పుడే. రెండు ముక్కల సరిహద్దు మీద పడిన సబ్‌టైటిల్ రెండింటిలోనూ రాసి ఉంటుంది. ముక్కల వారీగా లెక్కపెట్టి కలిపితే సంఖ్య ఎక్కువ వస్తుంది. ప్రతి ముక్క మొదట్లో ఉండే టైమ్‌స్టాంప్ మ్యాప్ లైను, 90 కిలోహెర్ట్జ్ గడియారానికీ లోపలి సమయాలకూ లంకె వేస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే ముక్కలు కాలంలో ఎక్కడో పడతాయి. హెచ్‌ఎల్‌ఎస్ చదివే ఉద్దేశం లేకపోతే ఈ ఫార్మాట్‌ని నిశ్చింతగా మొదటి వారంలోనే కలిపేయండి.

ఏఎస్‌ఎస్, దాని పాత రూపం ఎస్‌ఎస్‌ఏ రంగులు, ఫాంట్లు, కదలికలు, కచ్చితమైన స్థానాలు మోసే ఫార్మాట్లు. విశ్లేషణకు వీటిలో కావలసింది కొంతే: స్క్రిప్ట్ వెర్షన్, ఏ రిజల్యూషన్‌ని ఉద్దేశించి రాశారు, ఎన్ని స్టైళ్లు నిర్వచించారు, ఏ ఫాంట్లు అడుగుతోంది, అవి లోపల జోడించి ఉన్నాయా లేదా. ఫాంట్ల జాబితా ఇస్తే వాడేవాళ్లు చేతులెత్తి దండం పెడతారు, తెర మీద అక్షరాలు డబ్బాలుగా కనబడటానికి మొదటి కారణం అదే. అయితే స్టైళ్లలోని ఫాంట్లు చూస్తే చాలదు, సంభాషణ లైన్ల మధ్యలో మార్చే ఫాంట్లనూ ఏరాలి. లైనును కామాలతో విడగొట్టేటప్పుడు చివరి గడి టెక్స్ట్ అనీ, అందులో కామాలు ఎన్నైనా ఉండొచ్చనీ గుర్తుంచుకోండి. సమయం ఇక్కడ సెకనులో నూరో వంతు వరకే. మిల్లీసెకన్లుగా చూపించేటప్పుడు లేని ఖచ్చితత్వం ఉన్నట్టు అనిపించకూడదు.

టీటీఎంఎల్: చదివితే మొత్తం, లేదంటే పేరు వరకే

పైపైన చదివితే తప్పు చెప్పించే ఫార్మాట్లలో ఇది మొదటిది. ఎక్స్‌ఎంఎల్ కాబట్టి, పేరా ఎలిమెంట్లు ఏరి వాటి మొదలు, ముగింపు చూస్తే చాలనిపిస్తుంది. కానీ సమయాలు గూడు కట్టి ఉంటాయి. బాడీ ఎలిమెంట్ 10 సెకన్లకు మొదలవుతుందని ఉండి, లోపలి పేరా 2 సెకన్లకు అని ఉంటే, ఆ పేరా తెర మీదికి వచ్చేది 12వ సెకనులో. పైగా పిల్లలు ఒకేసారి నడవాలా, ఒకదాని తర్వాత ఒకటి నడవాలా అన్నది కూడా తల్లి ఎలిమెంట్ చెబుతుంది. సమయాన్ని గడియారం రూపంలో, సెకన్లలో, ఫ్రేముల్లో, టిక్కుల్లో ఎలాగైనా రాయొచ్చు. ఫ్రేముల్లో రాస్తే ఫ్రేమ్ రేటు, దానికి 1000, 1001 నిష్పత్తిలో గుణకం, టైమ్‌బేస్ ఇవన్నీ రూట్ ఎలిమెంట్ నుంచి తెచ్చుకోవాలి.

ఇదొక్కటే ఫార్మాట్ కాదు కూడా. టీటీఎంఎల్ మొదటి వెర్షన్ 2010లో డబ్ల్యూ3సీ సిఫార్సుగా వచ్చింది, రెండోది 2018లో. వాటి మీద కట్టిన ప్రొఫైళ్లు (ఒక్కో వాడకానికి తగ్గట్టు ఎంచుకున్న నియమాలు) ఐఎంఎస్‌సీ, ఈబీయూ-టీటీ-డీ, ఎస్‌ఎంపీటీఈ-టీటీ. విశ్లేషణ రిపోర్టులో "టీటీఎంఎల్" అన్న ఒక్క మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఫైల్ అందుకునే సంస్థ అడిగేది ఏ ప్రొఫైల్ అని. ఐఎంఎస్‌సీలో టెక్స్ట్ ప్రొఫైల్, బొమ్మల ప్రొఫైల్ వేర్వేరు, అదీ చెప్పాలి. ఫైల్ తాను ఏ ప్రొఫైల్ అని ప్రకటించుకుంటే దాన్ని "ప్రకటించినది" అని చూపండి. నిజంగా ఆ నియమాలకు కట్టుబడి ఉందా అన్నది మరో పని, దానికి వాలిడేటర్ (నియమాలతో సరిచూసే టూల్) కావాలి.

ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌ని మాత్రం సొంతంగా రాయకండి. ఉన్నదాన్ని తీసుకుని డీటీడీ (ఫైల్ నిర్మాణ నిర్వచనాలు), బయటి ఎంటిటీలు (పేరు పెట్టి నిర్వచించి, తర్వాత విప్పే టెక్స్ట్ ముక్కలు) ఆపేయండి. ఎవరో పంపిన ఫైల్‌ని తెరిచే సాఫ్ట్‌వేర్‌కి ఎంటిటీలు ఒకదాన్నొకటి విప్పుకుంటూ మెమరీ మింగేసే దాడి నిజమైన ప్రమాదం.

ప్రసార రంగం ఫార్మాట్లు

మీ వాడుకరుల్లో టీవీ చానళ్లకు సరుకు పంపేవాళ్లు లేకపోతే ఈ భాగాన్ని వాయిదా వేసుకోవచ్చు. ఉంటే మాత్రం వాళ్లకు ఎస్‌ఆర్‌టీ కన్నా ఇవే ముఖ్యం.

ఈబీయూ (యూరప్ ప్రసార సంస్థల సంఘం) ఎస్‌టీఎల్ 1991 నాటి ప్రమాణం, టెక్ 3264. మొదట 1024 బైట్ల సాధారణ సమాచార బ్లాకు, ఆ తర్వాత వరసగా 128 బైట్ల టెక్స్ట్ బ్లాకులు. మొదటి మూడు బైట్లు కోడ్‌పేజీ, వాటి వెంట ఫార్మాట్ కోడ్, దాని చివర 25.01 లేదా 30.01 అని ఉంటుంది. ఫ్రేమ్ రేటు అక్కడే తెలిసిపోతుంది. హెడర్ ఇంత పద్ధతిగా ఉన్న ఫార్మాట్ మరొకటి కనబడదు. పార్సర్ రాయడం హాయిగా ఉంటుంది. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఒక సబ్‌టైటిల్ పొడవైనదైతే రెండు మూడు బ్లాకుల్లోకి పారుతుంది, కాబట్టి బ్లాకుల సంఖ్య సబ్‌టైటిళ్ల సంఖ్య కాదు. హెడర్‌లో రెండు లెక్కలూ విడిగా రాసి ఉంటాయి. వాటిని చూపి, మీరు లెక్కపెట్టింది పక్కన పెట్టండి, తేడా ఉంటే అదే పెద్ద వార్త. ఇక కార్యక్రమం 10:00:00:00 దగ్గర మొదలయ్యేలా టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ రూపంలో సమయం) పెట్టడం ప్రసార రంగంలో మామూలే. హెడర్‌లోని కార్యక్రమ ప్రారంభ టైమ్‌కోడ్‌ని చూడకపోతే నలభై నిమిషాల ఎపిసోడ్‌కి పది గంటల నలభై నిమిషాల సబ్‌టైటిల్ అని రిపోర్టు వస్తుంది.

ఈ ఫార్మాట్‌కున్న అక్షర పట్టికలు లాటిన్, సిరిలిక్, అరబిక్, గ్రీక్, హీబ్రూ. తెలుగుతో సహా భారతీయ లిపులకు ఇందులో చోటు లేదు.

ఎస్‌సీసీ అమెరికా క్లోజ్డ్ క్యాప్షన్ల ఫైల్. తెరిస్తే టైమ్‌కోడ్, పక్కన నాలుగేసి హెక్స్ అంకెల గుంపులు. చాలా లైన్లు 9420 అనే కోడ్‌తో, అదీ రెండుసార్లు, మొదలవుతాయి. కొత్త క్యాప్షన్‌ని తెర వెనక నింపడం మొదలుపెట్టమని దాని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు: లైను ముందున్న టైమ్‌కోడ్ క్యాప్షన్ కనబడే సమయం కాదు. ఈ క్యాప్షన్ల ప్రమాణమైన సీఈఏ-608 పద్ధతిలో ఒక ఫ్రేమ్‌కి రెండు బైట్లే వెళ్తాయి. అరవై అక్షరాల క్యాప్షన్ నిండటానికి 30 ఫ్రేములు, అంటే దాదాపు ఒక సెకను పడుతుంది. నిండిన తర్వాత వచ్చే ముగింపు కోడ్ దగ్గరే అది తెర మీదికి వస్తుంది. అందుచేత కోడ్‌లను నిజంగా నడిపి చూసే చిన్న డీకోడర్ రాయకుండా ఎస్‌సీసీకి మొదటి, చివరి క్యాప్షన్ సమయాలు చెప్పొద్దు.

ఫ్రేమ్ అంకె ముందు సెమీకోలన్ ఉంటే డ్రాప్ ఫ్రేమ్, కోలన్ ఉంటే కాదు. డ్రాప్ ఫ్రేమ్‌లో ప్రతి నిమిషం మొదట 00, 01 అనే రెండు ఫ్రేమ్ నంబర్లను దాటవేస్తారు, పదితో భాగించబడే నిమిషాల్లో తప్ప. ఈ తేడాను పట్టించుకోకపోతే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు జరిగిపోతాయి.

పీఏసీ, క్యాప్ వంటి కంపెనీల సొంత ఫార్మాట్లను గుర్తించి, పేరు చెప్పి వదిలేయండి. ఎవరైనా నిజమైన ఫైళ్లు ఇచ్చి అడిగినప్పుడు చూసుకోవచ్చు.

బొమ్మల సబ్‌టైటిళ్లు

బ్లూరే వాడే పీజీఎస్, డీవీడీల వాబ్‌సబ్, ఈటీఎస్‌ఐ ఈఎన్ 300 743 ప్రకారం వచ్చే డీవీబీ (డిజిటల్ టీవీ ప్రసారం) సబ్‌టైటిళ్లు ఈ కోవకు చెందుతాయి. బొమ్మను విప్పి అక్షరాలు గుర్తించే పని మనది కాదు. ఎన్ని, ఎప్పుడు, ఏ సైజు తెరకు అన్నవి చాలు. పీజీఎస్‌లో ప్రతి భాగం ముందూ రకం, పరిమాణం ఉంటాయి కాబట్టి బొమ్మల డేటాను దాటేస్తూ చకచకా పోవచ్చు. లెక్కలో ఒక్క మెలిక ఉంది: చూపించే సెట్ ఒకటి వస్తే, చెరిపేసే సెట్ మరొకటి వస్తుంది. వచ్చినవన్నీ లెక్కేస్తే సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. బొమ్మ ఏదీ లేని సెట్లను తీసేసి లెక్కపెట్టండి.

డీవీబీలో భాష, వినికిడి లోపం ఉన్నవారికోసమా కాదా అన్న సంగతి ప్రోగ్రామ్ మ్యాప్ టేబుల్ (ప్రసారంలో ఏ స్ట్రీములు ఉన్నాయో చెప్పే పట్టిక) లోని డిస్క్రిప్టర్‌లోనే దొరుకుతాయి. సబ్‌టైటిల్ డేటాను ముట్టుకోకుండానే ఎంతో ఉపయోగపడే జవాబు ఇవ్వొచ్చు. తక్కువ శ్రమకు ఎక్కువ ఫలం కావాలంటే ఇది మంచి ఎంపిక.

కంటైనర్ లోపల

విడి ఫైల్ కోసం రాసిన పార్సర్ కంటైనర్‌లో కూడా పనికొస్తుందనుకుంటే నిరాశే. మట్రోస్కాలో (ఎంకేవీ ఫైళ్ల కంటైనర్) ఎస్‌ఆర్‌టీ పెడితే వరస సంఖ్య, సమయాల లైను పోయి, టెక్స్ట్ ఒక్కటే మిగులుతుంది, సమయం బ్లాకులోకి వెళ్తుంది. ఎంపీ4లో లెక్క పట్టికలు సిద్ధంగా ఉంటాయి, డేటా చదవకుండానే శాంపిళ్ల (ట్రాక్‌లో సమయం వారీగా రాసిన డేటా ముక్కలు) సంఖ్య తెలుస్తుంది. కానీ ఇద్దరు మాట్లాడే మధ్య నిశ్శబ్దానికి కూడా ఒక ఖాళీ శాంపిల్ రాస్తారు. టీఎక్స్3జీ అనే ఎంపీ4 టెక్స్ట్ ట్రాక్‌లోనూ అంతే, వెబ్‌వీటీటీ ట్రాక్‌లోనూ అంతే. "శాంపిళ్లు" అన్న గడి వేరు, "సబ్‌టైటిళ్లు" అన్న గడి వేరు, రెండూ కలపొద్దు.

భాష విషయంలో మట్రోస్కా నియమం ఒకటి తెలుసుకోవాలి. ట్రాక్‌లో భాష ఎలిమెంట్ లేకపోతే దాని విలువ ఇంగ్లిష్ అని ప్రమాణమే చెబుతుంది. తెలుగు సబ్‌టైటిల్ వేసి భాష రాయడం మరిచిపోయిన ఫైల్‌ని రిపోర్టు ఇంగ్లిష్ అంటుంది. ప్రమాణం ప్రకారం అది తప్పు కాదు, మనిషికి మాత్రం తప్పుదారి. "ఇంగ్లిష్ (రాయలేదు, డిఫాల్ట్)" అని చూపిస్తే ఎంతో గందరగోళం తప్పుతుంది. ఎంకేవీ మెర్జ్ రాసే గణాంకాల ట్యాగుల్లో నిడివి, ఫ్రేముల సంఖ్య ఉంటాయి. వాటిని వాడే ముందు, ట్యాగు రాసిన తేదీ ఫైల్ రాసిన తేదీతో సరిపోతోందో లేదో చూడండి. తర్వాత వేరే టూల్‌తో ఫైల్‌ని మార్చి ఉంటే ఆ లెక్కలు పాతబడిపోయినట్టే.

వీడియో స్ట్రీమ్ లోపల దాగి వచ్చే 608, దాని డిజిటల్ వారసుడు 708 క్యాప్షన్లకు ఇంకో రకం ఓపిక కావాలి. క్యాప్షన్లకు చోటు కేటాయించి ఉన్నంత మాత్రాన క్యాప్షన్లు ఉన్నట్టు కాదు, ఆ చోటు నిండా ఖాళీ బైట్లే ఉండొచ్చు. అలాగని మొదటి కొన్ని సెకన్లలో కనబడలేదని లేవనీ చెప్పలేం. "చోటు ఉంది", "నిజమైన డేటా కనబడింది", "ఇంత మేర చూశాం" అని మూడు ముక్కల్లో చెప్పడమే దారి.

సొంత పార్సరా, లైబ్రరీయా?

మీడియా ఫైళ్లను చదివే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ చేతిలో ఉండగా మళ్లీ రాయడమెందుకని అడుగుతారు. గుర్తింపు, కంటైనర్ ట్రాక్‌ల జాబితా వరకు అది అద్భుతమైన ఎంపిక. టెక్స్ట్ సబ్‌టైటిళ్ల లోపలి లెక్కలకు మాత్రం నేను వాడను. అది ఫైల్ మొత్తం చదివి సబ్‌టైటిళ్లను కాలక్రమంలో పేర్చుతుంది, అచ్చంగా ఒకేలా ఉన్నవాటిని తీసేస్తుంది, డీకోడ్ చేసినప్పుడు ఏ టెక్స్ట్ ఫార్మాట్‌నైనా ఏఎస్‌ఎస్ రూపంలోకి మారుస్తుంది. ప్లేయర్‌కి ఇవన్నీ వరాలు. విశ్లేషణకు మాత్రం, మనం చెప్పాల్సిన క్రమం తప్పిన లైన్లు, రెండుసార్లు రాసిన లైన్లు మన దాకా రాకముందే మాయమవుతాయి.

ఎస్‌ఆర్‌టీ, వెబ్‌వీటీటీ, ఏఎస్‌ఎస్, ఈబీయూ ఎస్‌టీఎల్, పీజీఎస్ సొంతంగా రాసుకోవడం మంచిది. చిన్న కోడ్, లోపాలన్నీ చేతికి చిక్కుతాయి. టీటీఎంఎల్‌కి, ఎస్‌సీసీకి టీటీకన్వ్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది. మీది పైథాన్ కాకపోయినా దాని ఫలితాలతో మీ పార్సర్ ఫలితాలను పోల్చి చూసుకోవచ్చు. లిబాస్ తెర మీద గీసే లైబ్రరీ, విశ్లేషణకు దాని అవసరం రాదు.

అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు

లైనులో ఎన్ని అక్షరాలు, సెకనుకు ఎన్ని అక్షరాలు అన్న లెక్కలు చాలామంది అడుగుతారు. ఏ ఫార్మాట్ అయినా ఇది ఇవ్వాల్సిన గడే, కానీ ఏ కొలమానమో చెప్పకుండా ఇవ్వకండి. "స్త్రీ" అనే మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఇచ్చిన విడి సంకేతాలు). యూనికోడ్ పాత నియమాల ప్రకారం విడగొడితే 3 అక్షర గుచ్ఛాలు (ఒకే అక్షరంగా లెక్కించే సంకేతాల గుంపులు), 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నియమాలతో ఒకటే. చూసే మనిషికి కూడా ఒకటే అక్షరం. కోడ్ పాయింట్ల లెక్కతో తెలుగు సబ్‌టైటిల్‌ని కొలిస్తే, హాయిగా చదవగలిగిన లైను పరిమితి దాటిందని ఎర్రగా చూపిస్తుంది, సబ్‌టైటిల్ రాసినవాళ్లు అక్కర్లేకుండా మాటలు కత్తిరించుకుంటారు. గుచ్ఛాల లెక్క ఇవ్వండి, యూనికోడ్ వెర్షన్ పక్కన రాయండి.

ఏ క్రమంలో?

వాడుకరులు ఎవరో ఇంకా తెలియకపోతే ఎస్‌ఆర్‌టీ, విడి వెబ్‌వీటీటీ పూర్తి లోతుగా, మిగతావన్నీ గుర్తింపు వరకు. ఈ రెండింటితో ఎన్‌కోడింగ్, సమయం, అతివ్యాప్తి, అక్షరాల లెక్క రాసే కోడ్ అంతా సిద్ధమవుతుంది, తర్వాతి ఫార్మాట్లు దాని మీద కూర్చుంటాయి. ఓటీటీ సంస్థలకు సరుకు సిద్ధం చేసేవాళ్లయితే రెండో అడుగు ఐఎంఎస్‌సీ కావాలి, అదీ సగం సగం కాకుండా. టీవీ ప్రసారం అయితే యూరప్ వైపు వాళ్లకు ఈబీయూ ఎస్‌టీఎల్, డీవీబీ. అమెరికా వైపు ఎస్‌సీసీ, వీడియోలో దాగిన క్యాప్షన్లు. సినిమాలు భద్రపరిచే గ్రంథాలయాలు, సొంత సేకరణలు ఉన్నవాళ్లకు మట్రోస్కా ట్రాక్‌లు, పీజీఎస్, వాబ్‌సబ్, ఏఎస్‌ఎస్ ఫాంట్ల జాబితా.

ఏ ఫార్మాట్ మొదలుపెట్టినా, కోడ్ రాసే ముందే పరీక్షకు ఫైళ్లు పోగేసుకోండి. సరైనది ఒకటి, మధ్యలో తెగిపోయినది ఒకటి, ఖాళీది ఒకటి, క్రమం తప్పిన సమయాలున్నది ఒకటి, తప్పు ఎక్స్‌టెన్షన్‌తో వచ్చినది ఒకటి. ఒక ఫార్మాట్‌కి ఈ అయిదూ దొరక్కపోతే, దాన్ని ప్రస్తుతానికి గుర్తింపు దగ్గరే ఉంచండి.